ఊరి నీళ్ళ పరీక్ష కిట్టు: ఏది నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు

జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురికి, వీలైతే ఆడవాళ్ళకే, ఈ కిట్టు వాడకం నేర్పాలి. పెట్టెలోని పరీక్షలన్నిటినీ మాత్రం ఒకేలా నమ్మడానికి లేదు.

బాగా అక్కరకొచ్చేది హెచ్‌టూఎస్ సీసా, అంటే నీళ్ళలో మల క్రిములుంటే నల్లబడే మందు సీసా. కరెంటు అక్కర్లేదు, చదువు పెద్దగా అక్కర్లేదు. కుళాయి మూతిని స్పిరిట్ దూదితో తుడిచి, రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలి, మూత లోపల వేలు తగలకుండా గీత దాకా పట్టాలి. 30 నుంచి 37 డిగ్రీల వేడిలో 24 నుంచి 48 గంటలు ఉంచాలి. నల్లబడితే ఆ నీళ్ళు కాచకుండా తాగొద్దు. చలికాలంలో క్రిములు పెరగక సీసా తేటగానే ఉండిపోతుంది, అది చూసి మోసపోవద్దు. వంటింట్లో వెచ్చగా పెట్టి 48 గంటలూ ఆగండి. పోసిన నిమిషాల్లోనే నల్లబడితే అది క్రిముల పని కాదు. కుళ్ళిన గుడ్డు వాసనొచ్చే బోరు నీళ్ళలో సల్ఫైడ్ ముందే ఉంటుంది, సీసాను నల్లబరిచేది అదే. నల్లబడ్డ సీసాలో బ్లీచింగ్ వేసి, కాసేపాగి పారబోయండి.

క్లోరిన్ పరీక్ష కూడా మంచిదే, ట్యాంకు కింద కాక ఊరి చివరి కుళాయి దగ్గర చేస్తే. అక్కడ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి. ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే వచ్చే పసుపును పది సెకన్లలోపే చూడాలి, ఆలస్యమైతే లెక్క ఎక్కువ చూపిస్తుంది.

ఫ్లోరైడ్ దగ్గరే ఈ కిట్టు నిరాశపరుస్తుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాలకు అసలు కావాల్సింది ఈ పరీక్షే. మంచి నీటిలో ఫ్లోరైడ్‌కు హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేకపోతే 1.5. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పరీక్ష మందు గులాబీ రంగు పసుపుకు తిరుగుతుంది; సరిగ్గా ఆ 1, 1.5 నడుమనే, రంగుల కార్డు పక్కన పెట్టి ఎంత చూసినా, ఇద్దరు మనుషులు రెండు అంకెలు చెబుతారు. క్లోరిన్ కలిసిన నీళ్ళలో రంగు వెలిసిపోతుంది, అందుకే బోరు దగ్గరే పట్టాలి. పటికతో శుద్ధి చేసిన నీళ్ళలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని తక్కువ చూపిస్తుంది. 1 దాటిందనిపిస్తే ప్లాస్టిక్ సీసాలో, గాజుది వద్దు, లీటరు నీళ్ళు ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబుకు పంపండి. నీళ్ళలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ పెన్ను దీనికి బదులు కాదు: 300 చూపిన నీళ్ళలోనూ ఫ్లోరైడ్ 2 ఉండొచ్చు.

వాడే ముందు డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్లోరైడ్ మందు వేసి చూడండి. నిండు గులాబీ రాకపోతే ఆ మందు పాడైనట్టే, కొత్త సీసా అడగండి.