బ్రాడీపేట బొగ్గుల బండి: కాల్చిన చేప తినాలంటే ఇక్కడే

గుంటూరులో గ్రిల్ చేప అని మెనూలో రాసేచోట చాలావరకు వచ్చేది పెనం మీద నూనెలో వేయించిన చేపే. ఎర్ర రంగు, కార్న్‌ఫ్లోర్, పైన ఉల్లిచక్రాలు. కారం తప్ప చేప రుచి నాలుకకి తెలీదు. అందుకే బ్రాడీపేటలో ఓ లైను చివర సాయంత్రం పూట పెట్టే ఈ బండి గురించి రాస్తున్నాను. బోర్డు లేదు. బొగ్గుల చేపల బండి అంటే ఆటోవాళ్లే చూపిస్తారు.

నడిపేది నిజాంపట్నం వైపు నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన భార్య. చేపల్ని ముందే మసాలా పట్టించి ఉంచరు. ఐసు పెట్టెలోంచి మనమే ఏరుకోవాలి, మన ఎదురుగానే తూకం. నేను పండుగప్పే తీసుకుంటాను. కాస్త కొవ్వున్న చేప, సెగకి తొందరగా ఎండిపోదు. మొప్పలెత్తి చూసుకోండి, ఆయనేమీ అనుకోడు.

పొలుసు తీసి, రెండువైపులా ముల్లుదాకా గాట్లు పెట్టి, ఉప్పు, పసుపు, కొంచెం కారం, నిమ్మరసం పట్టిస్తారు. కాసేపాగి, ఉప్పుకి ఊరిన నీటిని గుడ్డతో అద్దేస్తారు. చాలామంది చెయ్యని పని ఇదే. తడి ఉంటే చేప ఉడుకుతుంది గానీ కాలదు, తోలు కమ్మీలకి అంటుకుని ఊడొస్తుంది. బొగ్గుల మీద తెల్లటి బూడిద కట్టేదాకా చేప పెట్టరు.

"ఇంకా ఎంతసేపు బాబాయ్?" అంటే, "మంట మీద పెడితే పైన మాడుద్ది, లోపల పచ్చిగా ఉంటది. సెగ కావాలమ్మా" అన్నాడు.

తిప్పేది ఒక్కసారే. వెన్నుముల్లు దగ్గర కండ తెల్లబడి పొరలుగా విడుతున్నప్పుడు ఇనప మూత వేసి, దాని మీద కూడా నిప్పులు పోస్తారు. ఆ పైసెగకి తోలు బుడగలు లేచి కరకరలాడుతుంది. నేను ఇంకెక్కడా చూడలేదు ఈ పద్ధతి.

కాల్చిన చేప మీద నాకింత పట్టింపు ఎందుకంటే, మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం, సండే స్కూల్లో పిల్లలకి పాఠం చెబుతాను. లూకా సువార్త 24వ అధ్యాయంలో, తిరిగి లేచిన యేసుని చూసి శిష్యులు భూతమనుకుని వణికిపోతే, తినడానికేమైనా ఉందా అని అడుగుతాడాయన. వాళ్లిచ్చిన కాల్చిన చేప ముక్కని వాళ్ల కళ్లముందే తింటాడు. పాత కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో తేనెపట్టు ముక్క కూడా ఉంటుంది, మా తెలుగు బైబిల్లో చేప ఒక్కటే. యోహాను 21లో అయితే గలిలయ సరస్సు ఒడ్డున నిప్పుల మీద చేప, పక్కన రొట్టె సిద్ధంగా ఉంటాయి. రాత్రంతా వల వేసి అలసిన వాళ్లని రండి, భోంచేయండి అని పిలుస్తాడు. అంతకుముందు యేసెవరో ఎరగనని శిష్యుడు పేతురు బొంకింది బొగ్గుల మంట దగ్గరే. మళ్లీ యేసు అతన్ని చేరదీసిందీ బొగ్గుల మంట దగ్గరే. పిల్లలకి ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు పట్టేస్తుంది.

ఈస్టరు అయ్యాక పెద్ద పిల్లల్ని ఇక్కడికే తీసుకొచ్చాను. "టీచర్, ఆ సరస్సులో ఏ చేప ఉంటుంది?" అని ఒకడు అడిగాడు. మనం చవక చేప అని పక్కన పెట్టే తిలాపియా జాతిదే ఒకటి అక్కడుంది. యాత్రికులకి సెయింట్ పీటర్స్ ఫిష్, అంటే పేతురు చేప అని వడ్డిస్తారు. ఐసు పెట్టెలో తిలాపియా ఉంది, అదే కాల్పించాను. ముళ్లు ఏరుకుంటూ ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నారు. చిన్న చేపలు కాబట్టి త్వరగా అయిపోయాయి, జేబుకీ భారం కాలేదు.

లోపాలూ ఉన్నాయి. ముప్పావుగంట ఆగాలి, కూర్చోడానికి నాలుగు స్టూళ్లే. తోకవైపు సన్నగా ఉండేచోట కాస్త ఎండుతుంది. వంజరం ముక్కలు మాత్రం తీసుకోకండి, మరీ పలచగా కోస్తున్నారు, గట్టిపడుతున్నాయి. కొత్తిమీర చట్నీలో పులుపెక్కువ, నాకు నిమ్మచెక్క చాలు. ముప్పావు కిలో పండుగప్పకి, కాల్చినందుకు కలిపి 600 తీసుకున్నారు. ఆ శ్రద్ధకి అది ఎక్కువేం కాదు.

ఈస్టరుకి ముందు తపస్సుకాలం (లెంట్) శుక్రవారాల్లో మాంసం మానేసే క్యాథలిక్ కుటుంబాలు బాగా వస్తాయి, ఎనిమిదికల్లా పండుగప్ప అయిపోతుంది. ముందురోజు చెబితే ఒకటి పక్కన పెడతారు. పార్సిల్ మాత్రం వద్దు. డబ్బాలో ఆవిరి పట్టి తోలు మెత్తబడుతుంది, అక్కడే నిలబడి తినండి.