గాలి హోరుకు వణికే పిల్లలకు ఏది మేలు?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తోటలు మళ్లీ వేసుకోవచ్చు. ఆ రాత్రి మంచం కింద దాక్కున్న పిల్లవాడి సంగతి వేరు.

‘ఆ మాట ఎత్తకండి, వాడే మరచిపోతాడు’ అంటారు పెద్దలు. సగం నిజమే. బడి, ఆట, అమ్మ పక్కన నిద్ర ఉంటే చాలామంది పిల్లలు కొన్ని వారాల్లో కుదుటపడతారు. నెల దాటినా పీడకలలు, మబ్బు పడితే బడి ఎగ్గొట్టడం ఉంటే మాత్రం మౌనం మందు కాదు. తాయెత్తు కడితే కట్టండి, నాకు అభ్యంతరం లేదు, వైద్యం మాత్రం ఆపకండి.

అలాంటి పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో రెండు పద్ధతులు సూచించింది. ఒకటి, మానసిక గాయం మీదే దృష్టి పెట్టే సీబీటీ, అంటే ఆలోచననూ నడతనూ సరిదిద్దే మాటల చికిత్స. సాధారణంగా 12 నుంచి 16 సిట్టింగులు. ముందు ఊపిరి నిదానించడం, భయానికి పేరు పెట్టడం నేర్పుతారు. తరువాతే, కొంచెం కొంచెంగా, జరిగింది చెప్పిస్తారు లేదా బొమ్మలు వేయిస్తారు. ‘నేను తలుపు గడియ వేయలేదు, అందుకే తాతకు దెబ్బ తగిలింది’ లాంటి తప్పు లెక్క అక్కడే బయటపడుతుంది. దాన్ని సరిచేయడమే ఇందులో అసలు పని. తల్లికీ విడిగా సిట్టింగులుంటాయి.

రెండోది ఈఎండీఆర్, అంటే కళ్ల కదలికలతో చేసే చికిత్స. ఆ దృశ్యం తలచుకుంటూ వైద్యుడి వేలి కదలికను కళ్లతో అనుసరించాలి. వివరంగా చెప్పనక్కర్లేదు కాబట్టి నోరు విప్పని పిల్లలకు ఇది నయం. మాత్రల మాటకొస్తే, పిల్లల్లో ఈ సమస్యకు కుంగుబాటు మందులు వాడవద్దనే అదే సంస్థ చెప్పింది.

ఊరంతా దెబ్బతిన్నప్పుడు బడిలో గుంపుగా చేసే సీబీటీ చవక, దగ్గర. అయితే తండ్రిని పోగొట్టుకున్న పిల్ల తన కథను తరగతి ముందు చెప్పకూడదు, ఆ భాగం విడిగానే జరగాలి.

నా ఓటు సీబీటీకే, అందులో తల్లికీ చోటుంది కాబట్టి. చిక్కల్లా దూరమే. ఇచ్ఛాపురం నుంచి వారం వారం విశాఖ వెళ్లాలంటే జీడిపప్పు బట్టీలో ఆమె కూలి పోతుంది. అందుకే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు (14416) ఫోను చేసి, దగ్గర్లో ఎవరున్నారో కనుక్కోవాలి. కౌన్సెలర్ దొరికితే మొదటి ప్రశ్న: ‘వాళ్లమ్మతో కూడా మాట్లాడతారా?’