గంగవాయిలి కూర విత్తనాల ప్యాకెట్: మొలక బాగుంది, సూచనలే తప్పు

5 గ్రాముల ప్యాకెట్. గింజ ఇసుకరేణువంత ఉంటుంది కాబట్టి ఇందులో వేలల్లో ఉంటాయి. కుండీల్లో పెంచేవాళ్లకి చిటికెడు చాలు. గింజలు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి, పొట్టు లేదు.

అట్టమీద "అరంగుళం లోతున విత్తండి" అని రాశారు. అలా చేస్తే మొలవదు. ఈ గింజకి వెలుతురు తగలాలి. పొడి ఇసుకలో కలిపి తడి మట్టిపైన చల్లి, అరచేత్తో అదిమితే సరి. మట్టి 25 డిగ్రీలు దాటి వెచ్చగా ఉంటే వారంలోపే మొలకలు వస్తాయి. నీళ్లు పోయకూడదు, చిలకరించాలి. పోస్తే గింజలన్నీ ఓ మూలకి కొట్టుకుపోతాయి.

కలుపు గింజలు కలిశాయేమో అనుమానముంటే కాడ తుంచి చూడండి. పాలు కారితే అది నానబాలు జాతి మొక్క, తినకూడదు. గంగవాయిలి కాడలో నీరే ఉంటుంది.

ఐదారు వారాలకి, పూత రాకముందే కోయాలి. ఆకులో పులుపు రాత్రిపూట చేరుతుంది. పుల్లగా కావాలంటే పొద్దున్నే, చప్పగా కావాలంటే సాయంత్రం కోసుకోండి. ఆక్సలేట్లు (కిడ్నీలో రాళ్లకి దారితీసే లవణాలు) ఎక్కువ, రాళ్లున్నవాళ్లు దూరంగా ఉండటం మంచిది. ఈ హెచ్చరిక ప్యాకెట్ మీద లేదు.

ఐదుకి మూడున్నర.