మెనోర్కాలో లైసెన్సు అడగని అద్దె పడవ: కాలా గల్దానా రేవులో మా అనుభవం

మధ్యధరా సముద్రంలోని స్పెయిన్ ద్వీపం మెనోర్కాకు వెళ్లివచ్చిన మా పరిచయస్తులందరూ అక్కడ కారు అద్దెకు తీసుకున్నవారే గాని, పడవ సంగతి ఒక్కరూ ఆలోచించలేదు. పడవ అంటే సరంగు ఉండాలి, లైసెన్సు ఉండాలి, మనకెందుకులే అన్నది వారి ధోరణి. బార్సిలోనాలో ఉంటున్న మేము కూడా నిరుటి జూన్ దాకా అలాగే అనుకున్నాము. స్పెయిన్ నిబంధనల ప్రకారం పొడవు 5 మీటర్లకు, మోటారు శక్తి 15 హార్స్‌పవర్‌కు మించని పడవను పగటి వేళ, ఆశ్రయమిచ్చే రేవుకు 2 నాటికల్ మైళ్ల లోపు, అంటే సుమారు 3.7 కిలోమీటర్ల లోపు, పద్దెనిమిదేళ్లు నిండినవారు లైసెన్సు లేకుండా నడపవచ్చునని తెలిసిన తరువాత, ద్వీపపు దక్షిణ తీరంలోని కాలా గల్దానాలో ఒక చిన్న సంస్థ వద్ద నాలుగు గంటల సేపటికి ఒక పడవ తీసుకున్నాము. అద్దె 130 యూరోలు, పెట్రోలు ఖర్చు వేరు, కార్డు మీద 300 యూరోల డిపాజిట్.

ఆ తీరం గురించి ఒక మాట చెప్పాలి. సున్నపురాతి కొండచరియల నడుమ చిన్న చిన్న అఖాతాలు, వాటి మొదట్లో తెల్లని ఇసుక. అక్కడివారు వాటిని ‘కాలా’ అంటారు. గల్దానాకు పడమట మకరెల్లా, తుర్కేటా, తూర్పున మిట్జానా, త్రెబలూజర్ ఉన్నాయి. త్రెబలూజర్‌కు కారు దారి లేదు. ద్వీపం చుట్టూ 185 కిలోమీటర్లు సాగే కామీ దె కవాల్స్ అనే పాత గుర్రపు బాట పట్టి ఎండలో నడవాలి, లేదా పడవలో పోవాలి. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారితో వెళ్లిన మాకు ఆ రెండవ దారి ఒక్కటే దారి.

ఈ సంస్థ మీద నాకు గురి కుదిరింది పడవ ఎక్కక ముందే. మేము మొదట కోరిన రోజున దక్షిణపు గాలి వీస్తున్నదని వారే ఉదయం ఫోన్ చేసి, పైసా కోత లేకుండా మరునాటికి మార్చారు. ఉత్తరం నుంచి వచ్చే ట్రాముంటానా గాలికి ఈ తీరాన్ని ద్వీపమే అడ్డుగా నిలిచి కాపాడుతుంది, కాని దక్షిణపు గాలికి అడ్డేమీ లేదు. కోటిపల్లి రేవులో పంటు దాటుతూ పెరిగినవాణ్ణి కనుక నీరంటే నాకు తెలుసుననే ధీమా ఉండేది. గోదావరికి ఎదురుగా మరో గట్టు కనిపిస్తుంది, సముద్రానికి కనిపించదు. ఆ తేడా వారు గుర్తు చేయవలసి వచ్చింది.

మరునాడు సుమారు ఇరవై నిమిషాలు శిక్షణ ఇచ్చారు. నడిపేవాడు నీటిలో పడిపోతే మోటారు తనంతట ఆగిపోయేలా మణికట్టుకు తగిలించుకునే తాడు, ఏ రేవు దాటి పోకూడదో గీత గీసిన పటం, రేవు లోపలికి వచ్చేటప్పుడు ఎర్ర బోయ, అంటే నీటిపై తేలే గుర్తు, ఎడమ చేతి వైపు ఉండాలన్న నియమం, ఇవన్నీ ఓపికగా చెప్పారు. లంగరు పాఠానికే ఎక్కువ సమయం పట్టింది. లోతుకు మూడు నుంచి అయిదు రెట్ల తాడు వదలాలని శిక్షణ ఇచ్చిన అమ్మాయి రెండుసార్లు చెప్పినా, నేను మకరెల్లా ముందు పొదుపుగా వదిలి, పడవ మెల్లగా రాళ్ల వైపు జారుతుంటే గాని ఆ లెక్క విలువ గ్రహించలేదు.

లంగరు ఎక్కడ వేయాలన్నది కూడా ముఖ్యమే. నీటి అడుగున నల్లగా కనిపించేది పొసిడోనియా. అది నాచు కాదు, పూలు పూసి కాయలు కాసే మొక్క, ఏడాదికి కొన్ని సెంటీమీటర్లకు మించి పాకదు. దాని మీద లంగరు వేయడాన్ని మెనోర్కా భాగమైన బలేరిక్ ద్వీపాల ప్రభుత్వం 2018లో నిషేధించింది. లేత రంగులో కనిపించే ఇసుక మీదే వేయాలి. ఈ సంగతి సంస్థ వారు ఒక్క వాక్యంలో ముగించారు. పటం మీద ఇసుక మేటలు గుర్తించి ఇచ్చి ఉంటే బాగుండేది.

మన కుటుంబాలకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ప్రకటనలలో కనిపించదు. ఈత కొట్టేవారి కోసం పసుపు బోయలు కట్టిన జాగాలోకి మోటారు పడవ పోకూడదు కనుక, ఒడ్డుకు చేరాలంటే బోయల అవతల లంగరు వేసి ఈదుకుంటూ వెళ్లాలి. ఈత రాని అత్తగారు పూర్తిగా పడవలోనే ఉండిపోయారు. పైకప్పు గుడ్డ నీడ, మెత్తని దిండు ఉన్నాయి గనుక ఆమె విసుక్కోలేదు, పైగా తెచ్చుకున్న పులిహోరకు కాపలా కాశారు. ఇంట్లో ఎవరికీ ఈత రాకపోతే మాత్రం ఈ పడవ తీసుకోవద్దని నా సలహా. సరంగుతో నడిచే విహార నౌకలు అక్కడ ఉన్నాయి.

పడవ పాతదే అయినా మోటారు మొదటి లాగుకే అందుకున్నది, లైఫ్ జాకెట్లు పిల్లల కొలతలతో సహా ఉన్నాయి. చిక్కు తిరిగి వచ్చాక మొదలైంది. నీటిలో మునిగి ఉండే మోటారు పంకా రెక్క మీద గీత ఉన్నదని, డిపాజిట్ నుంచి 60 యూరోలు తగ్గిస్తామని అన్నారు. మేము బయలుదేరేటప్పుడు పడవ బయటి అంచులకే ఫోటోలు తీసుకున్నాము, మోటారును పైకెత్తి చూపమని అడగలేదు. వారి అప్పగింత కాగితంలోనూ పంకా ప్రస్తావన లేదని చూపిన తరువాత అరగంట వాదనతో 30 యూరోలకు దిగారు. గాలి విషయంలో అంత నిక్కచ్చిగా ఉన్నవారు కాగితం విషయంలో ఇంత అలసత్వం చూపడం నాకు నచ్చలేదు.

అయినా వచ్చే సెప్టెంబరుకు అక్కడే బయానా కట్టాము. మధ్యాహ్నం దాటాక గాలి లేచి తిరుగు ప్రయాణంలో అందరమూ తడిసిపోయాము గనుక ఈసారి ఉదయం తొమ్మిదింటికి కోరుకున్నాము. తాళం చేతికి తీసుకునే ముందు మోటారు పైకెత్తించి, రెక్కలన్నిటికీ ఫోటో తీస్తాము.