కూలిమనిషికి ఏ ఊరు మేలు: ఉరుకా, మొహెంజోదారోనా?

తొలి నగరాల గురించి మాట్లాడేటప్పుడు గుడి ఎంత ఎత్తు, కోటగోడ ఎంత పొడవు అన్నదే ముందు చూస్తారు. నేను చూసేది వేరు. పొద్దంతా కష్టపడ్డ మనిషి ఇంటికి ఏం చేరింది?

క్రీ.పూ. 3200 నాటికే ఇరాక్‌లోని ఉరుక్ మహానగరం. యూఫ్రటీస్ నీటిని కాలువలకు మళ్లించి బార్లీ పండించారు. ఆ గింజల రాకపోకల లెక్క కోసమే అక్కడ రాత పుట్టింది. తవ్వకాల్లో ఒకే తీరు మట్టి గిన్నెలు కుప్పలు తెప్పలుగా బయటపడ్డాయి. మట్టిలో పొట్టు కలిపి, అచ్చులో నొక్కి తీసిన గరుకు గిన్నెలు. నగిషీ లేదు, నునుపు లేదు, అంచు ఏటవాలుగా కోసేసినట్టుంటుంది. కూలీలకు బత్తెం కొలిచినవి ఇవేనని చాలామంది పండితుల మాట; రొట్టె అచ్చులన్నవాళ్లూ ఉన్నారు. నాకు బత్తెం మాటే సబబనిపిస్తుంది, ఎందుకంటే ఆనాటి పలకల మీద మనిషి తల పక్కన గిన్నె గీస్తే తిండి ఇచ్చినట్టు లెక్క. బానిస స్త్రీల లెక్కలూ ఆ పలకల్లోనే ఉన్నాయి.

సింధు ఒడ్డున మొహెంజోదారో వర్ధిల్లింది క్రీ.పూ. 2600-1900 మధ్య. అక్కడ వరద తీశాక మిగిలిన తేమలోనే గోధుమ, బార్లీ రబీ పంటగా వచ్చేవి. ఊరు మొత్తమ్మీద 700 దాకా బావులు ఉండేవని అంచనా. గుండ్రటి వర సరిగ్గా కుదిరేలా ఇటుకను ఒకవైపు సన్నగా పోసి కాల్చారు. చాలా ఇళ్లలో స్నానానికి ఇటుక చప్టా, అక్కడి నీళ్లు పోయేందుకు వీధిలో మూతలున్న మురుగు కాలువ ఉండేవి. రాజుగారి సమాధి అని చెప్పదగ్గది ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

అందరూ సమానంగా బతికారని మాత్రం అనను. పెద్ద లోగిళ్లున్న ఆ ఊళ్లోనే రెండేసి గదుల ఇళ్ల వరసలూ ఉన్నాయి. పైగా సింధు లిపిని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు కాబట్టి కూలి ఎలా ముట్టిందో వాళ్ల నోట వినలేం. ఆ విషయంలో ఉరుక్‌దే పైచేయి.

అయినా నా ఓటు మొహెంజోదారోకే. ఉరుక్ కూలివాడికి గిన్నెడు గింజలు కొలిచి పద్దు రాసుకుంది. మొహెంజోదారో గడప దగ్గరికి బావినీ, మురుగు కాలువనూ తెచ్చింది.