చలికాలంలో కోనసీమ: ఎక్కడ దిగాలి, ఏ వేళకు కదలాలి

కోనసీమ చలిని ఫోన్‌లో డిగ్రీలు చూసి అంచనా వేస్తే పొరపాటే. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున 18, 20 మధ్య ఉంటుంది, మధ్యాహ్నానికి 28 దాటుతుంది. ఇదొక చలా అని చాలామంది స్వెట్టర్లు ఇంట్లోనే వదిలేసి వస్తారు. కానీ ఇక్కడ చుట్టూ నీళ్లే: నిండుగా పారే కాలవలు, దాళ్వా (రెండో పంట) నాట్లకు దమ్ము చేసిన చేలు, ఎండ సరిగా దిగని కొబ్బరితోటలు. ఆ తేమ ఒంటిమీది బట్టకూ పరుపుకూ పడుతుంది. తడి బట్ట ఒంటి వేడిని పొడి బట్టకంటే ఎంతో త్వరగా లాగేస్తుంది. అందుకే మందపాటి కోటు ఒక్కటి మోసుకురావడం కంటే మనిషికి రెండు జతల పొడి బట్టలు, ఒక మంకీ క్యాప్, రెండు జతల సాక్సు అదనంగా పెట్టుకోవడం మేలు.

బసల్లో అందరూ ముందు అడిగేది గోదావరి ఒడ్డునున్న దిండి ఊళ్లో హౌస్‌బోటు. పగలు దానికి సాటి లేదు. చలికాలపు రాత్రికి మాత్రం ఒడ్డునున్న గదికే మా ఓటు. నీటి మీద గది గోడలు తెల్లవారేసరికి చెమ్మగిల్లుతాయి, రగ్గులు బరువెక్కుతాయి. బోటులోనే ఉండాలనుకుంటే డబ్బు కట్టకముందే దిండు చెంపకు ఆనించి చూడండి. చల్లగా, ముక్కిన వాసనతో ఉంటే అది ఆరని దిండే, మార్చమనండి. ఏసీని పడుకునే ముందు అరగంట డ్రై మోడ్‌లో నడిపితే గదిలో తేమ తగ్గుతుంది. ఇక జనరేటరు. దాని పొగగొట్టం ఏ వైపుకి ఉందో, పక్కనే కట్టిన బోటు పొగ మీ కిటికీ వైపు వస్తోందేమో చూడాలి. చలికి కిటికీలన్నీ బిగించేస్తే లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా ఉండదు, రంగూ ఉండదు. గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం వస్తే జలుబనుకోకుండా వెంటనే అందరూ బయటి గాలిలోకి వచ్చి 108కి ఫోన్ చేయాలి.

పల్లెల్లో మండువా లోగిళ్లను, అంటే నడుమ కప్పు లేని పాతకాలపు ఇళ్లను, అతిథులకు ఇస్తున్నారు. చూడముచ్చటైన ఇళ్లు, భోజనం గురించి చెప్పనే అక్కర్లేదు. అయితే మండువాలోంచి మంచు నేరుగా లోపలికే దిగుతుంది. పెద్దవాళ్లకూ చంటిపిల్లలకూ మండువా వసారాలో కాక లోపలి గదిలో, నేలమీద కాక మంచంమీద పక్క వేయించండి. ఆ గదిలో నిప్పుల కుంపటి మాత్రం వద్దు. ఇంటివాళ్లు మర్యాదకొద్దీ తెచ్చి పెట్టినా అరుగుమీదే ఉంచమనండి, పొగ లేని బొగ్గు కూడా అదే విషవాయువును వదులుతుంది.

వేడినీళ్ల సంగతి గది చూసేటప్పుడే తేల్చుకోవాలి. గ్యాస్ గీజరు స్నానాలగది బయట బిగించి ఉంటే మంచిది. లోపలే ఉంటే తలుపు తెరిచి బక్కెట్టు నింపుకుని, గీజరు ఆపాకే గడియ పెట్టుకోండి. సత్రాల్లో ఎక్కువగా హీటరు కడ్డీ ఇస్తారు. కడ్డీమీద గీత ఉన్నంతవరకు నీళ్లలో మునగాలి, ప్లాస్టిక్ బక్కెట్టే వాడాలి, స్విచ్చి ఆపి ప్లగ్గు పీకాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. పిల్లల మీద పోసేముందు మోచేత్తో వేడి చూడాలి.

ప్రయాణంలో అసలు ప్రమాదం చలి కాదు, పొగమంచు. మబ్బు లేని రాత్రి నేల త్వరగా చల్లారుతుంది, తడిచేల మీది ఆవిరి అక్కడికక్కడే మంచుగా పేరుకుంటుంది. తెల్లవారుజాము నాలుగు నుంచి ఎండ పడే ఎనిమిది, ఎనిమిదిన్నర దాకా కాలవగట్టు రోడ్డు మీద పది అడుగుల దూరం కూడా కనపడని రోజులుంటాయి. చాలాచోట్ల పిట్టగోడ ఉండదు. పైగా సార్వా (తొలి పంట) ధాన్యం రోడ్డు మీదే ఆరబోసి, రాత్రి బరకం కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. ఆ రాళ్లు లైటు వెలుతురులో చివరి క్షణం దాకా తెలియవు. వెనక లైటు లేని ట్రాక్టర్లు సరేసరి. హైబీమ్ వేస్తే మంచుగోడే మెరుస్తుంది, లోబీమ్‌లో, కనిపించే దూరంలోపే ఆగగలిగేంత నెమ్మదిగా నడపాలి. లోపల అద్దం మసకబారితే ఏసీ గాలిని అద్దం వైపు తిప్పాలి. కాలవ పక్కన వెళ్తున్నంతసేపూ కిటికీ అద్దాలు సగం దించండి, చలేసినా సరే. బండి నీళ్లలో పడితే బెల్టు విప్పి కిటికీలోంచే బయటపడాలి, నీటి ఒత్తిడికి తలుపు తెరుచుకోదు. గుళ్లో తెల్లవారుజాము పూజ చూడాలనుంటే ఆ గుడి ఉన్న ఊళ్లోనే రాత్రి బస చేయండి. రావులపాలెంలో పడుకుని నాలుగింటికి అంతర్వేదికి బయల్దేరడం మేమైతే ఎవరికీ చెప్పం.

అంతర్వేదిలో మాఘమాసం లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి, భీష్మ ఏకాదశి రథానికి జనం పోటెత్తుతారు, సాగర సంగమ స్నానం చీకటితోనే మొదలవుతుంది. గుండెజబ్బు, బీపీ ఉన్నవాళ్లు ఎండ వచ్చాకే దిగాలి: చన్నీళ్లు ఒక్కసారిగా తగిలితే రక్తనాళాలు ముడుచుకుని బీపీ ఎగురుతుంది. ముందు కాళ్లు, చేతులు, తర్వాత భుజాలు తడుపుకుని దిగితే ఆ ఉలుకు తగ్గుతుంది. మోకాలి లోతు దాటొద్దు, ఆటుపోట్లకు అక్కడి లాగుడు మారుతుంటుంది. గట్టెక్కగానే ముందు తల తుడవాలి, తడిబట్టలతో గాలిలో నిలబడి ఫోటోలు దిగొద్దు. వణుకుతున్న మనిషికి వణుకు ఆగి మాట తడబడుతుంటే తగ్గిందనుకోకూడదు, ముదిరినట్టు. తడిబట్ట తీసి, పొడి దుప్పట్లో తలతో సహా చుట్టి, స్పృహలో ఉంటే వేడి తీపిపాలు కొద్దికొద్దిగా పట్టాలి. చేతులు కాళ్లు రుద్దడం, మరిగే నీళ్లు పోయడం, కల్లో బ్రాందీయో పోయడం వద్దు. మందు తాగితే వేడెక్కినట్టు అనిపించడమే, చర్మానికి రక్తం పారి లోపలి వేడి బయటికి పోతుంది.

పడవ ఎక్కితే కోటు లోపల, లైఫ్ జాకెట్ పైన. చలిగా ఉందని జాకెట్ మీద రగ్గు కప్పుకుంటే పడ్డప్పుడు అది తడిసి కిందికి గుంజుతుంది.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి ఉదయం తొమ్మిది తర్వాతే బాగుంటుంది, మంచుకు తడిసిన చెక్కబాట జారుతుంది. కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థంలో చలికంటే నీళ్లూ బురదా ఎండా ఎక్కువ. ప్రభలు (భుజాలమీద మోసే, అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాలు) కౌశిక కాలవ దాటే చోటికి వెళ్తే చెప్పులూ సాక్సులూ మరో జత ఉండాలి, దాహం వేయకపోయినా నీళ్లు తాగుతుండాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు భోగిమంటకు గాలి వచ్చే వైపు నిలబడి, ముక్కుకు నూలు కండువా చుట్టుకుని, ఇన్‌హేలరు సంచిలో కాక జేబులో పెట్టుకోవాలి.

ఆసుపత్రి దారి ముందే చూసిపెట్టుకోండి. అంతర్వేదిలో అర్ధరాత్రి అవసరపడితే సఖినేటిపల్లి రేవులో నరసాపురం వైపు గోదావరి దాటించే పంటు మీద ఆశ పెట్టుకోవద్దు, మంచు దట్టంగా పడితే అది కదలదు. రాజోలు మీదుగా అమలాపురం రోడ్డు పట్టాలి. దిండిలో ఉంటే చించినాడ వంతెన దాటి పాలకొల్లు దగ్గర.