ఉచిత ఫోన్ అని వేలిముద్ర వేసే ముందు ఇది చదవండి

"ప్రభుత్వ పథకం అండీ, జీవితాంతం ఫ్రీ" అన్న ఒక్క మాటకు మా అమ్మ కొత్త ఫోన్ కనెక్షన్ తీసుకుంది. ఆమెను అనడానికి లేదు, పక్కనే కూర్చుని వేయమ్మా వేలిముద్ర అన్నది నేనే. అందుకే ఈ పోస్టు సగం మీకు హెచ్చరిక, సగం నేను లెంపలేసుకోవడం.

ఇంటికి వచ్చిన కుర్రాడి మెడలో ఐడీ కార్డు, చేతిలో వేలిముద్రల మిషన్ ఉన్నాయి. ముద్ర వేయించుకుని, "పడలేదండీ, ఇంకోసారి" అని మళ్లీ వేయించుకున్నాడు. ఆగాల్సింది అక్కడే. ఆ రెండో ముద్రతో అమ్మ పేరు మీద ఇంకో సిమ్ బయటికి వెళ్లిపోయింది. ఆ నంబర్ నుంచి ఎవరినో మోసం చేశారని నాలుగు నెలల తర్వాత విచారణకు ఫోన్ వస్తే గానీ మాకు ఆ సంగతి తెలియలేదు. ముద్ర వేయించుకున్న ఆ రోజే "మీ ఫోన్‌కు కోడ్ వస్తుంది, చదవండమ్మా" అన్నాడు. అది పథకం కోడ్ అనుకున్నాం. అమ్మ పాత నంబర్‌ను వాళ్ల కంపెనీలోకి పోర్ట్ చేసే కోడ్ అది.

మూడు నెలలు బాగానే నడిచింది. నాలుగో నెల అవుట్‌గోయింగ్ ఆగిపోయింది. కస్టమర్ కేర్‌కు చేస్తే, ఉచితం మొదటి మూడు నెలలకేనట, ఇక నెలనెలా కట్టాలట. బ్యాంకు, పింఛను, ఆసుపత్రి అన్నీ ఆ నంబర్‌కే ముడిపడి ఉన్నాయి, వదిలేయలేం కదా, కట్టాం. పథకం సంగతేంటని అడిగితే ప్రభుత్వాన్ని అడగమన్నారు. ఆఫీసుకు వెళితే అలాంటి పథకమే లేదు, కంపెనీని అడగండి అన్నారు.

నిజానికి ప్రభుత్వం అందరికీ ఫోన్ ఉచితంగా ఇవ్వాలని వాదించేవాణ్ణి నేను. ఫోన్ లేకపోతే ఓటీపీ రాదు, ఓటీపీ లేకపోతే సొంత డబ్బు కూడా చేతికి రాదు, అలాంటప్పుడు దాన్ని విలాసం అనడమేంటి అని. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ ఉచితం అన్నప్పుడు ఎవరు ఇస్తున్నారు, ఎవరు కడుతున్నారు అన్నది అప్పట్లో నేను చూడలేదు.

అమెరికాలో లైఫ్‌లైన్ అనే పథకం 1985 నుంచి ఉంది. పేద కుటుంబాల ఫోన్ ఖర్చులో కొంత ప్రభుత్వం భరిస్తుంది, అదీ ఇంటికి ఒక్క కనెక్షన్‌కే. ఆ డబ్బు వచ్చే నిధికి టెలికాం కంపెనీలు వాటా కడతాయి, కట్టినదాన్ని మామూలు కస్టమర్ల బిల్లులోనే వేసుకుంటాయి. భారత్‌లోనూ 2002లో ఇలాంటి నిధి పెట్టారు, కంపెనీల ఆదాయం నుంచి 5 శాతం తీసి పల్లెలకు ఫోన్ సౌకర్యం చేర్చడానికి. ఫిన్లాండ్ 2010లో బ్రాడ్‌బ్యాండ్‌ను పౌరుల హక్కు చేసింది, అయితే అది అందుబాటు ధరకు కొనుక్కునే హక్కు, ఉచితం కాదు. అంటే నేను చూసినంతవరకు ఎవరో ఒకరి బిల్లులో పడని ఉచితం ఎక్కడా లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. లైఫ్‌లైన్‌లో ఎంతమందిని చేర్పిస్తే కంపెనీకి అంత డబ్బు వస్తుంది. దాంతో ఒకే మనిషి పేరు మీద రెండు మూడు కనెక్షన్లు రాసేశారు. 2012లో రూల్స్ బిగించి, డూప్లికేట్లు పట్టే డేటాబేస్ పెట్టి, అర్హత ఏటా చూడాలన్నారు. నెలనెలా ఏమీ కట్టని ఉచిత కనెక్షన్‌ను 30 రోజులు వాడకపోతే, నోటీసిచ్చి తీసేస్తారు. అసలు పథకంలోనే ఇన్ని షరతులుంటే, గుమ్మంలో నిలబడి జీవితాంతం అన్నవాడిని నేనెలా నమ్మానో!

అందరికీ అన్నీ ఉచితం అనే వాదన ఇప్పుడు నాకు ఎక్కడం లేదు. కొనలేనివాళ్లకు సాయం చేయాలి, ప్రభుత్వ హెల్ప్‌లైన్లకు, అంబులెన్సుకు చేసే కాల్స్ మాత్రం ఎవరు చేసినా ఉచితంగా ఉండాలి. ఐరోపాలో 112కు చేస్తే పైసా పడదు.

మీ ఇంటికి ఎవరైనా ఇలా వస్తే, పథకం పేరు రాయించుకుని ప్రభుత్వ సైట్‌లో మీరే వెతకండి, వాడు పంపిన లింకులో కాదు. వేలిముద్ర పడలేదంటే, వాడి స్క్రీన్ మీద ఏముందో చూడకుండా రెండోసారి వేయొద్దు. ఫోన్‌కు వచ్చిన మెసేజ్ మొత్తం చదవండి, పోర్టింగ్ అని అందులోనే రాసి ఉంటుంది, మేం అంకెలు మాత్రమే చదివాం. గుర్తింపు కార్డు కాపీ ఇస్తే దాని మీద తేదీ, దేనికిస్తున్నారో అడ్డంగా రాసివ్వండి. మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకునే వీలుంటే ఈరోజే చూడండి.

ఆ రెండో సిమ్ మూయించడానికి మూడుసార్లు తిరిగాం. ఇప్పటికైతే ఆగింది. పాత నంబర్ మాత్రం ఇంకా ఆ కంపెనీలోనే ఉంది, వెనక్కి మార్చడానికి మళ్లీ వేలిముద్ర కావాలంటే అమ్మ ససేమిరా అంటోంది.